విజ్జీ జట్టులో ఎదురుచూసినవారు

బాస్కెట్‌బాల్‌లో బెంచి మీదున్న కుర్రవాడికి ఆట నడుమనే అవకాశం రావచ్చు. అమెరికా కాలేజీ నిబంధనలు 1944-45 నుంచి ఆటగాళ్లను ఎన్నిసార్లయినా మార్చుకోనిచ్చాయి. 1936 నాటి టెస్టు క్రికెట్‌లో ఆ వీలు లేదు. టాస్‌కు ముందే పదకొండు పేర్లు ఖాయమయ్యేవి. కనుక కుర్రవాడి భవిష్యత్తు చాలావరకు కెప్టెన్ చేతిలో ఉండేది.

ఆ ఏడాది ఇంగ్లండు వెళ్లిన భారత జట్టు కెప్టెన్ విజ్జీ, అంటే విజయనగరం రాజవంశంలో 1905లో పుట్టిన పూసపాటి విజయానంద గజపతిరాజు. ఆటపై ఆయన ప్రేమ నిజమైనదే. 1930-31లో ఇంగ్లండు బ్యాటర్లు హాబ్స్, సట్‌క్లిఫ్‌లను భారతదేశానికి రప్పించింది ఆయనే. కాని మూడు టెస్టుల్లో చేసినవి 33 పరుగులు. అంత మాత్రపు బ్యాటుకు జట్టులో చోటు పదవి వల్ల దక్కిందే.

ఇరవై నాలుగేళ్ల లాలా అమర్‌నాథ్ అప్పటికే ఆ పర్యటనలో 600కు పైగా పరుగులు చేశాడు. ఒక మ్యాచ్‌లో ప్యాడ్లు కట్టుకుని సిద్ధంగా ఉన్నా ఇతరులను ముందు పంపడంతో ఆగ్రహించాడు. క్రమశిక్షణ పేరిట మొదటి టెస్టుకు ముందే ఇంటికి పంపేశారు. తరవాత బ్యూమాంట్ విచారణ సంఘం ఆయన్ను నిర్దోషిగా తేల్చి, విజ్జీ నాయకత్వాన్ని తప్పుపట్టింది.

అదే జట్టులోని బౌలర్ శూటే బెనర్జీదీ అమర్‌నాథ్ వయసే. ఓవల్ టెస్టులో ఆయనకు బదులు బాకా జిలానీ ఆడాడు. అల్పాహారం వేళ మాజీ కెప్టెన్ సి.కె. నాయుడిని అవమానించినందుకే జిలానీకి ఆ చోటు దక్కిందని తోటి ఆటగాళ్లు చెప్పుకొనేవారు. జిలానీకి అదే ఏకైక టెస్టు. అందరికీ తలుపులు మూసుకుపోలేదు. మద్రాసు తెలుగువాడు కోటా రామస్వామి నలభై ఏళ్ల వయసులో మాంచెస్టర్‌లో తొలి టెస్టు ఆడి 40, 60 పరుగులు చేశాడు. అయినా ఇంగ్లండు 2-0తో సిరీస్ గెలిచింది.

బెనర్జీ నిరీక్షణ ఇంకా సాగింది. 1946 పర్యటనలో సర్రేపై చందు సర్వతేతో కలిసి చివరి వికెట్టుకు 249 పరుగులు జోడించినా టెస్టు దక్కలేదు. 1949 ఫిబ్రవరిలో, ముప్ఫై ఏడేళ్ల వయసులో, బొంబాయిలో వెస్టిండీస్‌పై ఆడాడు. అప్పటి కెప్టెన్ లాలా అమర్‌నాథే. బెనర్జీ ఆ మ్యాచ్‌లో ఐదు వికెట్లు తీశాడు. మళ్లీ టెస్టు ఆడలేదు.