కమ్యూనిటీ కాలేజీ నుంచి యూనివర్సిటీకి వెళ్తున్నారా? ఆ 11 కోర్సుల లెక్క తప్పితే ఏడాది పోయినట్లే!

అమెరికాలో డిగ్రీ ఖర్చు తగ్గించుకోవడానికి చాలామంది పట్టే దారి ఒకటుంది. మొదటి రెండేళ్లు కమ్యూనిటీ కాలేజీ, తర్వాతి రెండేళ్లు యూనివర్సిటీ. చేతికొచ్చేది యూనివర్సిటీ డిగ్రీయే. కాలిఫోర్నియాలో ఈ దారి బాగా పాపులర్. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ఫ్రీమాంట్, కూపర్టినో, శాన్ రామోన్ చుట్టుపక్కలే ఓలోనీ, డీ ఆంజా, డయాబ్లో వ్యాలీ లాంటి కాలేజీలు ఉన్నాయి.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. రెండేళ్లు కష్టపడి 60 యూనిట్లు పూర్తి చేసినా, అందులో కావాల్సిన కోర్సు ఒక్కటి లేకపోతే ట్రాన్స్‌ఫర్ ఆగిపోవచ్చు. యూనివర్సిటీల్లో ట్రాన్స్‌ఫర్ సీట్లు ఎక్కువగా ఫాల్ సీజన్‌కే ఉంటాయి. అంటే ఒక్క కోర్సు కోసం ఏడాది ఆగాల్సి రావచ్చు. మరి జనరల్ ఎడ్యుకేషన్ కోర్సులను ఎలా ప్లాన్ చేసుకోవాలి? ఎక్కడ జాగ్రత్తగా ఉండాలి? పూర్తి వివరాలు ఇక్కడ చూద్దాం.

అసలు జనరల్ ఎడ్యుకేషన్ అంటే ఏంటి?

మన దగ్గర ఇంటర్‌లో ఎంపీసీయో, బైపీసీయో ఒకసారి తీసుకుంటే ఆ తర్వాత ఏం చదవాలో బోర్డే చెబుతుంది. బీటెక్‌లో కూడా దాదాపు అంతే. అమెరికాలో అలా కాదు. కంప్యూటర్ సైన్స్ చదివే విద్యార్థి కూడా ఇంగ్లిష్ వ్యాసరచన, ఆర్ట్స్, చరిత్ర, బయాలజీ లాంటి సబ్జెక్టులు కొన్ని చదవాల్సిందే. వీటినే జనరల్ ఎడ్యుకేషన్, షార్ట్‌గా జీఈ అంటారు. ఏ విభాగంలో ఎన్ని చదవాలన్నది రూల్. ఏ కోర్సు, ఏ టర్మ్‌లో తీసుకోవాలన్నది విద్యార్థి ఇష్టం. ఆ స్వేచ్ఛ దగ్గరే చిక్కు కూడా మొదలవుతుంది.

2025 ఫాల్ నుంచి కొత్త లెక్క.. క్యాల్‌గెట్సీ

కాలిఫోర్నియాలో రెండు ప్రభుత్వ యూనివర్సిటీ వ్యవస్థలు ఉన్నాయి. ఒకటి యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా, అంటే యూసీ. బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియాగో క్యాంపస్‌లు దీని కిందివే. రెండోది కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ, అంటే సీఎస్‌యూ. శాన్ హోసే స్టేట్ లాంటివి ఇందులోకి వస్తాయి. ఇదివరకు ఈ రెండింటికీ వేర్వేరు జీఈ జాబితాలు ఉండేవి. దాంతో విద్యార్థులు తికమకపడేవాళ్లు. 2021లో వచ్చిన ఏబీ 928 చట్టం ఈ సమస్యకు తెరదించింది. 2025 ఫాల్ నుంచి కొత్తగా చేరేవాళ్లకు రెండింటికీ కలిపి ఒకటే జాబితా. దాని పేరే క్యాల్‌గెట్సీ. మొత్తం 11 కోర్సులు, కనీసం 34 సెమిస్టర్ యూనిట్లు.

ఆ జాబితా ఇదీ..

- ఇంగ్లిష్ కాంపోజిషన్: 1 కోర్సు
- క్రిటికల్ థింకింగ్ అండ్ కాంపోజిషన్: 1 కోర్సు
- ఓరల్ కమ్యూనికేషన్, అంటే స్పీచ్: 1 కోర్సు
- మ్యాథ్స్ లేదా స్టాటిస్టిక్స్: 1 కోర్సు
- ఆర్ట్స్: 1 కోర్సు
- హ్యుమానిటీస్: 1 కోర్సు
- సోషల్ అండ్ బిహేవియరల్ సైన్సెస్: 2 కోర్సులు
- ఫిజికల్ సైన్స్: 1 కోర్సు
- బయలాజికల్ సైన్స్: 1 కోర్సు
- ఎథ్నిక్ స్టడీస్: 1 కోర్సు
- పై రెండు సైన్స్ కోర్సుల్లో ఏదో ఒకదానికి ల్యాబ్: 1 యూనిట్

2025 ఫాల్‌కు ముందే చేరి, చదువు ఆపకుండా కొనసాగిస్తున్నవాళ్లకు పాత ఐగెట్సీ జాబితాతోనే పూర్తి చేసే వీలుంది. తమకు ఏది వర్తిస్తుందో కాలేజీ కౌన్సెలర్ దగ్గర ముందే తేల్చుకోవడం మంచిది.

చాలామంది దెబ్బతినేది ఇక్కడే

జాబితా చూడ్డానికి సింపుల్‌గానే ఉంటుంది. తేడా వచ్చేది చిన్న చిన్న రూల్స్ దగ్గరే.

సీ మైనస్ చెల్లదు: ప్రతి కోర్సులో కనీసం సీ గ్రేడ్ రావాలి. సీ మైనస్ వచ్చిందంటే క్యాల్‌గెట్సీ లెక్కలో ఆ కోర్సు లేనట్టే. మరోవైపు, సీ వచ్చిన కోర్సును జీపీఏ పెంచుకుందామని మళ్లీ రాస్తామంటే సాధారణంగా ఒప్పుకోరు. అందుకే ఒకే టర్మ్‌లో కష్టమైన సబ్జెక్టులన్నీ నెత్తిన పెట్టుకోకూడదు.

రెండూ ఎకనామిక్సే అయితే కుదరదు: సోషల్ సైన్సెస్‌లో రెండు కోర్సులు రెండు వేర్వేరు సబ్జెక్టుల నుంచి ఉండాలి. మైక్రో, మ్యాక్రో రెండూ చదివేశాం కదా అనుకుంటే పొరపాటే. జీఈ లెక్కలో సైకాలజీయో, పొలిటికల్ సైన్సో ఇంకొకటి చదవాల్సిందే.

ఇంగ్లిష్‌ను వెనక్కి నెట్టొద్దు: క్రిటికల్ థింకింగ్ కోర్సులో చేరాలంటే ముందు ఇంగ్లిష్ కాంపోజిషన్ పాస్ కావాలి. అంటే రెండు టర్మ్‌లు పట్టే పని. లెక్కలు, కోడింగ్ బాగా వచ్చిన పిల్లలు ఈ రెండింటినీ చివరికి వాయిదా వేస్తుంటారు. తీరా అప్లికేషన్ టైమ్‌కి టర్మ్ సరిపోదు.

ఏపీ స్కోర్ అన్నిటికీ పనికిరాదు: హైస్కూల్లో రాసిన ఏపీ పరీక్షల్లో 3 లేదా అంతకంటే ఎక్కువ వస్తే కొన్ని విభాగాలు పూర్తయినట్టే. కానీ క్రిటికల్ థింకింగ్‌కు, స్పీచ్‌కు ఏపీ పనికిరాదు. వాటిని కాలేజీలో చదవాల్సిందే.

ఎథ్నిక్ స్టడీస్ అంటే ఏదో ఒక సంస్కృతి క్లాసు కాదు: ఈ విభాగం నాలుగు సమూహాల అధ్యయనాలకే పరిమితం. నేటివ్ అమెరికన్, ఆఫ్రికన్ అమెరికన్, ఏషియన్ అమెరికన్, లాటినో. కోర్సు పేరు దగ్గరగా ఉంటే చాలదు, క్యాల్‌గెట్సీ ఆమోదిత జాబితాలో ఉండాలి.

ముందు మేజర్.. ఆ తర్వాతే జీఈ

అన్నింటికంటే ముఖ్యమైన విషయం ఇదే. "ముందు జీఈ అంతా అవగొట్టేసి, మేజర్ సంగతి తర్వాత చూద్దాం" అనే ఆలోచన ఇంజినీరింగ్, కంప్యూటర్ సైన్స్ వైపు వెళ్లేవాళ్లను దెబ్బతీస్తుంది. ఈ బ్రాంచుల్లో యూనివర్సిటీ ముందుగా చూసేది క్యాల్‌క్యులస్, ఫిజిక్స్, ప్రోగ్రామింగ్ లాంటి మేజర్ ప్రిపరేషన్ కోర్సులనే. ఇవి ఒకదాని తర్వాత ఒకటి చదవాల్సినవి. మొదటి టర్మ్‌లో క్యాల్‌క్యులస్ మొదలుపెట్టకపోతే ఫిజిక్స్ కూడా వెనక్కి పోతుంది. పైగా బర్క్‌లీ ఇంజినీరింగ్ కాలేజీ లాంటి చోట్ల ఈ రెడీమేడ్ జీఈ ప్యాకేజీని లెక్కలోకి తీసుకోరు. వాళ్ల హ్యుమానిటీస్, సోషల్ సైన్సెస్ రూల్ వేరేగా ఉంటుంది.

మంచి వార్త ఏంటంటే, మేజర్ కోర్సుల్లో కొన్ని జీఈకి కూడా పనికొస్తాయి. క్యాల్‌క్యులస్ చదివితే మ్యాథ్స్ విభాగం పూర్తి. ల్యాబ్‌తో ఫిజిక్స్ చదివితే ఫిజికల్ సైన్స్, ల్యాబ్ రెండూ పూర్తి. అంటే కంప్యూటర్ సైన్స్ విద్యార్థికి విడిగా మిగిలేవి 9 కోర్సులే. ఉదాహరణకు సెమిస్టర్ పద్ధతిలో రెండేళ్లను ఇలా సర్దుకోవచ్చు.

- మొదటి సెమిస్టర్: క్యాల్‌క్యులస్ 1, ప్రోగ్రామింగ్ 1, ఇంగ్లిష్ కాంపోజిషన్, ఎథ్నిక్ స్టడీస్
- రెండో సెమిస్టర్: క్యాల్‌క్యులస్ 2, ఫిజిక్స్ 1, ప్రోగ్రామింగ్ 2, క్రిటికల్ థింకింగ్
- సమ్మర్: ఆర్ట్స్ ఒకటి, హ్యుమానిటీస్ ఒకటి, సైకాలజీ
- మూడో సెమిస్టర్: క్యాల్‌క్యులస్ 3, ఫిజిక్స్ 2, డేటా స్ట్రక్చర్స్, స్పీచ్
- నాలుగో సెమిస్టర్: లీనియర్ ఆల్జీబ్రా, డిస్క్రీట్ మ్యాథ్స్, బయాలజీ, అమెరికన్ గవర్నమెంట్

చివరి కోర్సుగా అమెరికన్ గవర్నమెంట్ పెట్టడానికీ కారణం ఉంది. సీఎస్‌యూలో డిగ్రీ రావాలంటే అమెరికా చరిత్ర, రాజ్యాంగం, ప్రభుత్వం గురించి చదవాలన్న రూల్ ఉంది. ఈ కోర్సు జీఈకి పనికొస్తూనే ఆ రూల్‌లోనూ కొంత భాగాన్ని తీర్చేస్తుంది. హ్యుమానిటీస్ కింద ఆమోదం ఉన్న అమెరికా చరిత్ర కోర్సు దొరికితే ఇంకా మంచిది.

అసిస్ట్ వెబ్‌సైట్.. ఫ్రెండ్ మాట కంటే ఇదే నమ్మకం

ఏ కాలేజీ కోర్సు ఏ యూనివర్సిటీలో దేనికి సమానమో చెప్పే అధికారిక వెబ్‌సైట్ అసిస్ట్ డాట్ ఆర్గ్. పూర్తిగా ఉచితం. విద్యా సంవత్సరం, మీ కాలేజీ, వెళ్లాలనుకునే యూనివర్సిటీ, మేజర్ ఎంచుకుంటే చాలు. ఎడమవైపు యూనివర్సిటీ కోర్సు, కుడివైపు దానికి సరిపోయే మీ కాలేజీ కోర్సు కనిపిస్తాయి. రెండు విషయాలు గమనించాలి. కొన్నిచోట్ల యూనివర్సిటీలోని ఒక కోర్సుకు ఇక్కడ రెండు కోర్సులు చదవాలి. అందులో ఒకటే చదివితే లెక్కలోకి రాదు. కొన్నిచోట్ల అసలు సమానమైన కోర్సే లేదని ఉంటుంది. అలాంటప్పుడు పక్క కమ్యూనిటీ కాలేజీలో ఉందేమో చూడొచ్చు.

కాలేజీ మారేటప్పుడు మరో జాగ్రత్త. డీ ఆంజా, ఫుట్‌హిల్ కాలేజీలు క్వార్టర్ పద్ధతిలో నడుస్తాయి. ఓలోనీ లాంటివి సెమిస్టర్ పద్ధతి. 90 క్వార్టర్ యూనిట్లు అంటే 60 సెమిస్టర్ యూనిట్లు. క్యాల్‌క్యులస్ లాంటి వరుస కోర్సులను సగం అక్కడ, సగం ఇక్కడ చదివితే మధ్యలో కొంత సిలబస్ మిస్ అయ్యే ప్రమాదం ఉంది. ఒక వరుస మొదలుపెడితే అదే కాలేజీలో ముగించడం మేలు.

యూసీకి ఏం కావాలి? సీఎస్‌యూకి ఏం కావాలి?

రెండింటికీ మూడో ఏడాదిలో చేరాలంటే 60 సెమిస్టర్ యూనిట్లు ఉండాలి. యూసీకి కాలిఫోర్నియా రెసిడెంట్లకు కనీస జీపీఏ 2.4, నాన్‌రెసిడెంట్లకు 2.8. ఇది అప్లై చేయడానికి కనీస అర్హత మాత్రమే. డిమాండ్ ఉన్న మేజర్లలో సీటు రావాలంటే అంతకంటే చాలా ఎక్కువే కావాలి. సీఎస్‌యూలో స్పీచ్, ఇంగ్లిష్, క్రిటికల్ థింకింగ్, మ్యాథ్స్.. ఈ నాలుగూ ట్రాన్స్‌ఫర్‌కు ముందే పూర్తవ్వాలి. వీటినే గోల్డెన్ ఫోర్ అంటారు.

సీటు గ్యారంటీ ఇచ్చే దారులు కూడా ఉన్నాయి. డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్.. ఈ ఆరు యూసీ క్యాంపస్‌లు షరతులు పూర్తి చేసినవాళ్లకు ట్యాగ్ అనే ఒప్పందం ఇస్తాయి. ఒక విద్యార్థి ఒక క్యాంపస్‌కే ట్యాగ్ పెట్టుకోవాలి. బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియాగోలకు ఇది లేదు. మిగతా చోట్ల కూడా అన్ని మేజర్లకూ వర్తించదు. సీఎస్‌యూ వైపు వెళ్లేవాళ్లకు ఏడీటీ అనే డిగ్రీ ఉంది. అది ఉంటే సీఎస్‌యూ వ్యవస్థలో సీటు ఖాయం. కానీ కోరుకున్న క్యాంపసే వస్తుందన్న గ్యారంటీ లేదు.

లెక్క తప్పితే ఎంత నష్టం?

కాలిఫోర్నియా రెసిడెంట్లకు కమ్యూనిటీ కాలేజీ ఫీజు యూనిట్‌కు 46 డాలర్లు. అంటే 60 యూనిట్లకు 2,760 డాలర్లు. యూసీలో రెసిడెంట్లకే ఏడాది ట్యూషన్, ఫీజులు 14 వేల డాలర్లకు పైన ఉంటాయి. అందుకే ఇక్కడ పూర్తి చేయాల్సిన జీఈ కోర్సును అక్కడికి వెళ్లి చదివితే తేడా భారీగా ఉంటుంది.

ఇండియా నుంచి ఎఫ్1 వీసాపై వచ్చినవాళ్లకు లెక్క వేరు. 46 డాలర్లతో పాటు యూనిట్‌కు వందల డాలర్ల నాన్‌రెసిడెంట్ ట్యూషన్ కట్టాలి. ప్రతి సెమిస్టర్‌లో కనీసం 12 యూనిట్లు ఉండాలి. ఆ లెక్కలోకి ఒక ఆన్‌లైన్ కోర్సు, గరిష్ఠంగా 3 యూనిట్లే వస్తాయి. జీఈ క్లాసులు చాలావరకు ఆన్‌లైన్‌లోనే దొరుకుతున్నాయి కాబట్టి, క్యాంపస్ క్లాసుల్లో సీట్లు అయిపోకముందే రిజిస్టర్ చేసుకోవాలి.

హెచ్4పై ఉన్న పిల్లలకు టెన్షన్ ఇంకొకటి. 21 ఏళ్లు నిండితే డిపెండెంట్ హోదా పోతుంది. ఎఫ్1కి మారాల్సి వస్తే ఫీజు కేటగిరీ కూడా మారే అవకాశం ఉంది. ఈ కుటుంబాల్లో ఏడాది ఆలస్యమైతే ఆ భారం మామూలుగా ఉండదు.

మిగతా రాష్ట్రాల్లో ఎలా?

పేర్లు మారతాయి, పద్ధతి దాదాపు ఇదే. టెక్సాస్‌లో 42 గంటల కోర్ కరిక్యులమ్ ఉంది. ఒక ప్రభుత్వ కాలేజీలో అది మొత్తం పూర్తి చేస్తే రాష్ట్రంలోని ఏ ప్రభుత్వ యూనివర్సిటీ అయినా గంపగుత్తగా ఒప్పుకోవాలి. న్యూజెర్సీలో 2007 నాటి చట్టం ప్రకారం, కమ్యూనిటీ కాలేజీలో అసోసియేట్ డిగ్రీ పూర్తి చేస్తే రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీలకు క్రెడిట్లు ట్రాన్స్‌ఫర్ అవుతాయి. అయితే ఒక రాష్ట్రం జాబితా మరో రాష్ట్రంలో పనిచేస్తుందన్న నమ్మకం పెట్టుకోవద్దు.

ఎప్పుడు ఏం చేయాలి?

- చేరిన మొదటి టర్మ్‌లోనే: కౌన్సెలర్‌ను కలిసి రెండేళ్ల ఎడ్యుకేషన్ ప్లాన్ రాయించుకోవాలి.
- ప్రతి రిజిస్ట్రేషన్‌కు ముందు: కోర్సు పేరు అసిస్ట్‌లో చెక్ చేసుకోవాలి. రెండు మూడు యూనివర్సిటీలకు కలిపి చూసుకోవాలి.
- వెళ్లాలనుకునే ఏడాదికి ముందు సెప్టెంబర్: యూసీ ట్యాగ్ దరఖాస్తు, 1 నుంచి 30 వరకు.
- అక్టోబర్, నవంబర్: యూసీ, సీఎస్‌యూ అప్లికేషన్లు. చివరి తేదీ ఏటా సరిచూసుకోవాలి.
- చివరి టర్మ్: క్యాల్‌గెట్సీ సర్టిఫికేషన్ కోసం కాలేజీలో అడగాలి. అడగకుండా అదే వెళ్తుందని ఊరుకోవద్దు. రెండు మూడు కాలేజీల్లో చదివి ఉంటే అన్ని ట్రాన్స్‌క్రిప్ట్‌లూ ఒకచోటికి తెప్పించుకోవాలి.

గమనిక: కోర్సుల ఆమోదం, ఫీజులు, వీసా నిబంధనలు ఏటా మారుతుంటాయి. ఫీజు కట్టే ముందు కాలేజీ కౌన్సెలర్‌తో, ఎఫ్1 విద్యార్థులైతే ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసుతో కూడా ఒకసారి మాట్లాడి నిర్ణయం తీసుకోండి.