పెనుకొండ పూలు, గోల్కొండ పచ్చిక

హిందూపురం నుంచి పెనుకొండ మీదుగా ధర్మవరం పోయే రైలులో, వానలు పడిన నాలుగు రోజులకు కిటికీ పక్కన కూర్చుంటే, దస్తరాలలో బంజరని రాసిపెట్టిన నేల పూసి కనబడుతుంది. తంగేడు పసుపు దూరం నుంచే తెలుస్తుంది. తుమ్మిని, విష్ణుక్రాంతాన్ని చూడాలంటే మాత్రం రైలు దిగి నేలకు వంగాలి.

ఒకప్పుడు గోల్కొండ ప్రభువులకు ఈ నేలమీద కన్నుపడింది. 1565 తళ్ళికోట యుద్ధం తరువాత విజయనగర రాజులకు పెనుకొండే రాజధాని. 1589 ప్రాంతంలో మహమ్మద్ కులీ కుతుబ్‌షా దానిని ముట్టడించాడు. వేంకటపతిరాయలు సంధి మాటలతో గడువు సంపాదించి, ఆ వ్యవధిలో కోటలోకి ధాన్యాన్నీ, సైన్యాన్నీ చేర్చుకున్నాడు. వానకాలం ముంచుకురావడంతో గోల్కొండ సేన వెనుదిరిగింది. (వానకు మొగంవాచిన మా సీమను వానే కాపాడింది!)

తరువాత గోల్కొండకూ ముట్టడి తప్పలేదు. 1656లో ఔరంగజేబు దండెత్తినప్పుడు కోట పక్కనున్న మిట్ట శత్రువుకు అనువైనదని తేలడంతో, అబ్దుల్లా కుతుబ్‌షా దానినీ కలుపుకొని గోడ కట్టించాడు. అదే నయాఖిల్లా. ఆఫ్రికా జాతి బావోబాబ్ వృక్షం, హతియాన్ కా ఝాడ్, అందులోనే ఉంది. మొదలు చుట్టుకొలత దాదాపు 27 మీటర్లు. ఇప్పుడు అదే ఆవరణలో 18 గుంతల గోల్ఫు మైదానం ఉంది. 2014లో పురావస్తుశాఖ తవ్వకాలలో కుతుబ్‌షాహీ తోట నీటికాలువలు, తొట్లు అక్కడే బయటపడ్డాయి.

గోల్ఫు మైదానం ప్రకృతికి శత్రువని ఒక్కమాటలో కొట్టిపారేయలేను. ఇంగ్లండులో శాండ్‌విచ్ తీరాన ఉన్న రాయల్ సెయింట్ జార్జెస్ మైదానం అరుదైన లిజార్డ్ ఆర్కిడ్ పూలకు పేరుపొందింది. అయితే ఆ పూలకు నెలవు ఆట సాగే నున్నటి పచ్చిక కాదు. బంతి పడితే ఆటగాడు విసుక్కునే, 'రఫ్' అని పిలిచే కోయని గడ్డి. అడవిపూలకు చాలావరకు బలహీనమైన నేలే ఇష్టం. నీరూ ఎరువూ పోస్తే గడ్డి బలిసి వాటిని మింగేస్తుంది. పచ్చదనం పేరిట జరిగే నష్టం ఇదే. ఆ లెక్కన పెనుకొండ చుట్టూ ఉన్నదంతా రఫ్ అనుకోవచ్చు, ఆటస్థలం లేదంతే.

2019లో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కార్ల కర్మాగారం ఉత్పత్తి మొదలుపెట్టింది. ఊళ్ళకు పనులు దొరికాయి, కాదనను. ఇకమీదట వచ్చే ఆవరణలలోనైనా లాన్ పరిచేముందు ఒక మూల తంగేడును వదిలేయమని అడగాలనుంది.

గోల్కొండ ఉన్న తెలంగాణ ఆ తంగేడునే రాష్ట్రపుష్పంగా ఎంచుకుంది. మా వైపు అది ఇంకా రైలుకట్ట పక్కన ఎవరూ నాటకుండానే పూస్తోంది.