తొడ మీద గిటార్

మెట్ల మీద వేలు ఆన్చకుండా, గిటార్‌ను తొడ మీద పడుకోబెట్టి తీగల మీద ఉక్కు కడ్డీ జార్చే పద్ధతిని 19వ శతాబ్దం చివర్లో హవాయిలో జోసెఫ్ కెకుకు ప్రచారంలోకి తెచ్చాడు. అది భారతదేశంలో వేళ్లూనింది కలకత్తాలో. హవాయి నుంచి వచ్చిన టౌ మో కుటుంబం 1940లలో అక్కడే ఉండి వాయించింది, నేర్పింది.

మన చెవికి ఆ జారుడు నాదం కొత్త కాదు. గోటువాద్యం ఉండనే ఉంది.

1967లో ‘కాల్ ఆఫ్ ది వ్యాలీ’ రికార్డులో శివకుమార్ శర్మ, హరిప్రసాద్ చౌరాసియాల సరసన బ్రిజ్ భూషణ్ కాబ్రా గిటార్ మీద రాగం పలికించారు. దేశంలో ఈ వాద్యానికి అసలైన గౌరవం అక్కడే దక్కింది.

ఫరీదాబాద్‌లోనో, ఢిల్లీలోనో పాత సామాన్ల కొట్లో అలాంటిది కనబడితే ముందు తీగల ఎత్తు చూడాలి. మెడకు బాగా పైన ఉంటే, మెట్ల బదులు గీతలే ఉంటే అది ల్యాప్ స్టీల్, అంటే తొడ మీద వాయించే గిటార్ అనుకోవచ్చు. మామూలు గిటార్‌కు తలదగ్గర ఎత్తు పట్టీ తొడిగి మార్చినవీ ఉంటాయి; వాటిని తక్కువ చేయడం తప్పు, కాబ్రా వాయించిందీ మార్చుకున్న గిబ్సన్ గిటార్‌నే.

రికెన్‌బ్యాకర్ కంపెనీ బేకలైట్ గిటార్ అయితే తీగల చుట్టూ వంగిన గుర్రపునాడా అయస్కాంతాలను కొలవాలి. రెండో ప్రపంచ యుద్ధానికి ముందువి ఒకటిన్నర అంగుళాల వెడల్పు, తర్వాతివి ఒకటింపావు. ముందువాటికే గిరాకీ ఎక్కువ. కొత్త రంగు పూసినా, పికప్ మార్చినా విలువ పడిపోతుంది. కాబట్టి తుడిచి మెరిపించే ముందే ఫొటోలు తీసి, తెలిసిన వాద్యకారుడికి చూపించడం మంచిది.