పొగతాగేవారి శ్వాసనాళాల కొలత (సీటీ పద్ధతి)

పొగ వల్ల ఊపిరితిత్తుల్లోని గాలి గొట్టాలు ఎంత మారాయో సీటీ స్కాన్ బొమ్మల నుంచి మిల్లీమీటర్లలో, శాతాల్లో లెక్కగట్టే పద్ధతి ఇది. మామూలు స్కాన్‌ను రేడియాలజిస్టు కంటితో చూసి రిపోర్టు రాస్తారు. ఇక్కడ ఆ పనికి తోడు, సాఫ్ట్‌వేర్ శ్వాసనాళాల చెట్టును విడదీసి ఒక్కో కొమ్మ గోడ మందాన్నీ లోపలి సందునూ కొలుస్తుంది.

పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి 2016 అక్టోబరు 11న విడివడిన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో పొగతో గాలి గొట్టాలు దెబ్బతిని ఆయాసం వచ్చే జబ్బును దమ్ము అంటారు. ‘ఎగపోస్తున్నది’ అన్నా అదే. డాక్టర్లు రాసే పేరు సీఓపీడీ. పల్లెల్లో పొగ అనగానే గుర్తొచ్చేది బీడీ, చుట్ట. నల్లమల అంచు ఊళ్లకు ఎండాకాలంలో బీడీలు చుట్టే తునికాకు కోత తెలిసిన పనే. 2016–17 జాతీయ పొగాకు సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో 7.7 శాతం బీడీ తాగుతుంటే, సిగరెట్టు తాగేవాళ్లు 4 శాతమే.

సీటీతో మొదటి రోగిని 1971 అక్టోబరు 1న లండన్‌లో పరీక్షించారు. ఆ యంత్రాన్ని తయారుచేసిన గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ పేరే సీటీలో సాంద్రతను చూపే కొలమానానికి పెట్టారు. అందులో నీరు సున్నా, గాలి మైనస్ 1000. నిండా ఊపిరి పీల్చినప్పుడు తీసిన బొమ్మలో మైనస్ 950 కన్నా తక్కువ వచ్చిన చోట్లను ఎంఫసీమాగా, అంటే గాలి గదులు చితికి ఖాళీ అయిన భాగంగా లెక్కిస్తారు. పూర్తిగా వదిలినప్పుడు మైనస్ 856 కన్నా తక్కువ ఉంటే అక్కడ గాలి బయటికి రాలేక చిక్కుకుపోయిందన్నమాట. అందుకే ఈ స్కాన్‌లో యంత్రంతో పాటు ఊపిరికీ అంత విలువ. ‘గట్టిగ దమ్ము గుంజు పెద్దయ్యా, గట్లనే బిగబట్టు’ అని టెక్నీషియన్ చెప్పినప్పుడు పెద్దయ్య సగమే గుంజితే అంకె తప్పుతుంది.

గోడ లెక్క ఇలా ఉంటుంది. ఒక గొట్టం బయటి వ్యాసం 8 మిల్లీమీటర్లు, లోపలిది 5 అనుకుందాం. అడ్డకోతలో గోడ వాటా సుమారు 61 శాతం. వాపుతో, కఫగ్రంథులు పెరగడంతో లోపలి సందు 4కు తగ్గితే గోడ వాటా 75 శాతమవుతుంది. ఒక్క మిల్లీమీటరే కదా అనిపిస్తుంది. కానీ గాలి సాఫీగా పారే గొట్టంలో నిరోధం వ్యాసార్థం నాలుగో ఘాతాన్ని బట్టి మారుతుంది కనుక అది దాదాపు రెండున్నర రెట్లవుతుంది.

ఇక పరిమితి. ఛాతీ సీటీ బొమ్మలో ఒక చుక్క (పిక్సెల్) వెడల్పు దాదాపు 0.7 మిల్లీమీటరు. ఒకటిన్నర మిల్లీమీటర్ల గోడ అంటే రెండు చుక్కలే! రెండు మిల్లీమీటర్ల లోపు నాళాలైతే సరిగా కనిపించనే కనిపించవు. సీఓపీడీలో అసలు అడ్డంకి ఆ చిన్న నాళాల్లోనే ఉంటుందని హాగ్, మాక్లెమ్, థర్ల్‌బెక్ 1968లోనే చూపారు. కాబట్టి సీటీ పెద్ద కొమ్మలను కొలిచి, చిక్కుకున్న గాలిని చూసి, చిన్న కొమ్మల సంగతి ఊహిస్తుంది.

పొగతాగేవారి నాళాల గోడ మందంగా ఉంటుందన్న మాట కూడా అన్నిసార్లూ నిలవదు. 2014లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనం, అవే స్థానాల్లోని నాళాలను పోల్చి చూసి, సీఓపీడీ ఉన్నవాళ్లలో గోడలు పలచగా ఉన్నాయని తేల్చింది. జబ్బు ముదిరితే కొన్ని నాళాలు కనుమరుగవుతాయి కూడా. ఇంకో తిరకాసు ఉంది. పొగ మానేశాక వాపు తగ్గి ఊపిరితిత్తి సాంద్రత పడిపోతుంది. దాంతో రిపోర్టులో ఎంఫసీమా పెరిగినట్టు కనిపిస్తుంది. మానడం చెడ్డదైందని రోగి అనుకుంటే ఆ తప్పు అంకెను విప్పి చెప్పనివాళ్లదే.

అమెరికాలో పదివేల మందికి పైగా పొగతాగేవారిని చేర్చుకున్న సీఓపీడీజీన్ అధ్యయనం ఈ కొలతలకు పెద్ద ఆధారం. ఆ అంకెలను పాలమూరు (మహబూబ్‌నగర్) పల్లెకు యథాతథంగా తెచ్చి పెట్టలేం. ఇక్కడి ఛాతీలో బీడీ ఒక్కటే ఉండదు. పాత క్షయ మచ్చలుంటాయి, ఆడవాళ్లకు కట్టెల పొయ్యి పొగ ఉంటుంది, దేశమంతా తిరిగి ప్రాజెక్టులు కట్టిన కూలీకి రాతి దుమ్ము ఉంటుంది. గోడ ఎందుకు మందమెక్కిందో సీటీ చెప్పదు.

జబ్బును నిర్ధారించేది స్పైరోమెట్రీయే. నాళాలను వెడల్పు చేసే మందు పీల్చాక ఊదినప్పుడు, మొదటి సెకనులో వచ్చే గాలి, ఊదిన మొత్తం గాలిలో 0.70 వంతు కన్నా తక్కువైతే అడ్డంకి ఉన్నట్టు. సీటీ దాని తర్వాతి మెట్టు. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి; గద్వాల వైపు నడిగడ్డవాళ్లు తుంగభద్ర దాటి కర్నూలుకూ పోతుంటారు. స్కాన్ ఎక్కడ తీయించినా ఫిల్ముతో పాటు సీడీ కూడా అడిగి దాచుకోండి. రెండేళ్ల తర్వాత పోల్చి చూడాలంటే ఫిల్ము మీద కొలత తీయడం కుదరదు.