వెండి నాణెం మీద ముగ్గురు స్త్రీలు

ఖతార్‌లోని అబూ హమూర్ నుంచి మాట్లాడుతున్నాను. నేను ఐటీ కన్సల్టెంట్‌ని, చరిత్రకారుణ్ణి కాను. కానీ చిన్నప్పట్నుంచీ నాణేలంటే సరదా. ఆ సరదా వల్ల తెలిసిన ఒక సంగతి ఈ రోజు మీతో పంచుకుంటాను.

మా పేట దగ్గరే చర్చిలన్నీ ఒకేచోట ఉన్న ప్రాంగణం ఉంది. అక్కడి రోజరీ మాత చర్చి 2008లో తెరిచారు. మాతో పనిచేసే పోలెండ్ ఆవిడ ఒక శుక్రవారం ప్రార్థన అయ్యాక మా ఇంటికి టీకి వచ్చారు. నా నాణేల పెట్టె చూపించాను. 2010లో మదర్ థెరిసా శతజయంతికి మన ప్రభుత్వం వేసిన అయిదు రూపాయల బిళ్ళ చేతిలోకి తీసుకుని, "మా దేశంలోనూ నాణెం మీదికెక్కిన సిస్టర్ ఒకావిడ ఉన్నారు" అన్నారు. మరుసటి వారం తెచ్చి చూపించారు.

అది 20 జ్లోటీల వెండి నాణెం. పోలెండ్ జాతీయ బ్యాంకు 2009లో విడుదల చేసింది. బరువు 28.28 గ్రాములు, పాత లెక్కలో దాదాపు రెండున్నర తులాలు. యూదులను కాపాడిన పోలెండ్ ప్రజల జ్ఞాపకార్థం వేసిన ఆ నాణెం మీద ముగ్గురు స్త్రీలున్నారు: ఇరేనా సెండ్లెరోవా, జోఫియా కొసాక్, సిస్టర్ మటిల్డా గెటెర్.

వాళ్ళు చేసిన పని తెలియాలంటే ఆనాటి వార్సా సంగతి కాస్త చెప్పాలి. 1940 నవంబరులో నాజీలు అక్కడి యూదులను గోడ కట్టి ఒక మూలకు నెట్టేశారు. నాలుగు లక్షల పైచిలుకు జనం అందులో ఇరుక్కుపోయారు. ఆకలి, విషజ్వరం. 1941 అక్టోబరులో ఒక ఉత్తర్వు వచ్చింది: గోడ దాటిన యూదుడికీ, అతనికి చోటిచ్చినవారికీ మరణశిక్షే. 1942 జులై 22 నుంచి రెండు నెలల్లో సుమారు 2,65,000 మందిని రైళ్ళలో ట్రెబ్లింకా మృత్యుశిబిరానికి తరలించారు.

అప్పటికి మటిల్డా గెటెర్‌కి డెబ్బై దాటాయి. 1870లో పుట్టిన ఆవిడ, మరియ కుటుంబ ఫ్రాన్సిస్కన్ సిస్టర్ల సంఘానికి వార్సాలో పెద్ద. ఆ సంఘానికి నగరం చుట్టూ అనాథాశ్రమాలు ఉండేవి. గోడ దాటి వచ్చిన పిల్లలను అక్కడ చేర్చుకున్నారు. ఐదు వందల మందికి పైగా అని చెబుతారు. ఒక్క బిడ్డ పట్టుబడితే ఆశ్రమంలో అందరి ప్రాణాలూ పోయేవే. ఆ సంగతి తెలిసే తలుపు తీశారు.

చేర్చుకుంటే సరిపోదు కదండీ, కాగితం కావాలి. దొంగ జ్ఞానస్నాన పత్రాలు పుట్టించారు. పిల్లలు కొత్త పేరు, కొత్త పుట్టినరోజు, కొత్త ప్రార్థనలు కంఠతా పట్టాలి. నిద్రలో లేపి అడిగినా పాత పేరు నోట రాకూడదు. జేబులో ఐడీ కార్డు లేకుండా గుమ్మం దాటని మనలాంటి ప్రవాసులకు కాగితం విలువ ఒకరు చెప్పక్కర్లేదు. కానీ ప్రాణం కోసం అమ్మ పెట్టిన పేరు వదులుకోవడం మన ఊహకందనిది.

సెండ్లెరోవా గొప్పతనం నాకు ఇక్కడే కనబడింది. పిల్లలను ఆశ్రమాలకు చేరవేసిన సంఘసేవకురాలు ఆవిడ. ఒక్కొక్కరి అసలు పేరూ, మారు పేరూ పల్చటి కాగితాల మీద రాసి, సీసాలో పెట్టి, స్నేహితురాలి తోటలో చెట్టు కింద పాతిపెట్టారు. 1943లో గెస్టపో పట్టుకుని చిత్రహింసలు పెట్టినా ఆ పేర్లు బయటపెట్టలేదు.

నాణెం అంతా చెప్పదు. కొసాక్ పేరున్న నవలా రచయిత్రి. యుద్ధానికి ముందు యూదులంటే ఆవిడకు సదభిప్రాయం లేదు. 1942 ఆగస్టులో హత్యాకాండను ఖండిస్తూ రహస్యంగా పంచిన కరపత్రంలోనూ ఆ మాట దాచుకోలేదు. అయినా వాళ్ళను కాపాడటానికి సంస్థ పెట్టినవాళ్ళలో ఆవిడ ఒకరు. అదే పోలెండ్‌లో దాక్కున్నవాళ్ళను డబ్బుకోసం పట్టిచ్చినవాళ్ళూ ఉన్నారు. యుద్ధం ముగిశాక చాలామంది పిల్లలకు తిరిగి వెళ్ళడానికి ఇల్లే మిగల్లేదు. తామెవరో ముసలితనంలో తెలిసినవాళ్ళూ ఉన్నారు. గెటెర్ 1968లో కన్నుమూశారు. 1985లో ఇజ్రాయెల్‌లోని యాద్ వషేమ్ ఆవిడను గౌరవించింది.

చివరగా మా ఇంటి ముచ్చట. దీనికీ దానికీ పోలిక లేదనుకోండి. మా అమ్మాయికి మా నాయనమ్మ పేరు పెట్టుకున్నాం. బళ్ళో నోరు తిరగక దాన్ని రెండక్షరాలకు కుదించేశారు. మొన్న మా నాన్న ఫోన్లో అసలు పేరుతో పిలిస్తే, "ఎవర్ని నాన్నా తాతయ్య పిలుస్తున్నారు?" అంది. నాణెం చూసిన ఆ సాయంత్రం దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఆ పేరు తెలుగులో రాయించి, తాతమ్మ ఎవరో చెప్పాను. మన పిల్లల పేర్లు సీసాలో దాచాల్సిన పని లేదు. నోరారా పిలిస్తే చాలు.