రెబ్బా? ఆకా?

పోపులో కరివేపాకు రెబ్బ వేస్తాం గదా. వృక్షశాస్త్రం లెక్కన ఆ రెబ్బంతా ఒకటే ఆకు. మనం ఆకులనేవి దాని పత్రకాలు.

ఈ లెక్కను కట్టుదిట్టం చేసినవాడు స్వీడన్ దేశపు లిన్నేయస్. 1751లో వెలువడిన తన గ్రంథంలో ఆకుల రూపాలకు లాటిన్ మాటలు ఖాయపరిచాడు. ఈకలాగా ఈనెకు అటూ ఇటూ పత్రకాలుంటే పిన్నేటం. చేతివేళ్లలా ఒకేచోటి నుంచి విచ్చుకుంటే డిజిటేటం. మన పాఠ్యపుస్తకాలు పిచ్ఛాకారం, హస్తాకారం అన్నాయి. పిచ్ఛమంటే నెమలి ఈక. పేరు బాగానే కుదిరింది. వేప, చింత మొదటి తెగ, బూరుగ రెండవది. మునగాకు మాత్రం ముమ్మారు చీలుతుంది. మారేడును మనవాళ్లు ఏనాడో త్రిదళమన్నారు.

1753లో వేరుసెనగకు అరాఖిస్ హైపోజియా అని పేరు పెట్టిందీ ఆయనే. దాని ఆకుకు రెండు జతలు, నాలుగు పత్రకాలు. చిక్కంతా అక్కడే. "నాలుగాకులకు తిక్క మచ్చలొచ్చాయండీ" అని రైతు చెబితే అది ఒక్క ఆకే కావచ్చు. విస్తరణ కార్యకర్త అలాగే రాసుకున్నాడా, తెగులు కాగితం మీద నాలుగింతలవుతుంది. అక్కరలేని మందు ఖర్చు రైతు నెత్తిన పడుతుంది.

గుర్తు తేలికే. కాడకూ కొమ్మకూ నడుమ సందులో మొగ్గ ఉంటే, ఆ కాడ మీదున్నదంతా కలిపి ఒక ఆకు. పత్రకం మొదట మొగ్గ ఉండదు.