గోనెపట్టా మీంచి లేచిన ప్రశ్న

మన బళ్ళలో ఒక పుస్తకం పేరు సాంఘిక శాస్త్రం. మన పిల్లలుండే హాస్టలు పేరు సాంఘిక సంక్షేమ వసతి గృహం. రెండింట్లోనూ ‘సాంఘిక’ ఉంది. కానీ ఆ హాస్టలు ఎందుకు అవసరమైందో ఆ పుస్తకం సూటిగా చెప్పదు. చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం, అర్థశాస్త్రం కలిస్తే అది సాంఘిక శాస్త్రం. సమాజశాస్త్రానికి అందులో విడిగా చోటు లేదు.

పౌరశాస్త్రం ఉంది కదా, చాలదా? అంటారు. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసిందని పిల్లవాడు పరీక్షలో రాస్తాడు, మార్కులూ వస్తాయి. తర్వాత టీకొట్టులో తన కోసం విడిగా పెట్టిన గ్లాసు చూస్తాడు. పాఠం అబద్ధమనుకోవాలి, లేదంటే లోపం తనలోనే ఉందనుకోవాలి. లోపం తనదే అనుకుని తలదించుకున్నవాళ్ళు మనలో ఎంతమంది లేరు! చట్టం వచ్చాక కూడా కులం ఎట్లా బతుకుతోంది? ఈ ప్రశ్న అడగడం నేర్పేది సమాజశాస్త్రం.

ఈ చదువు ఏం చేయగలదో అంబేడ్కర్ జీవితంలోనే చూడొచ్చు. సతారా బడిలో ఆయన కూర్చునే గోనెపట్టాను ఇంటినుంచి తనే తెచ్చుకోవాలి. దాహమేస్తే కుళాయి తనంత తాను తిప్పుకోకూడదు, ప్యూను తిప్పాలి. ప్యూను లేని రోజు నీళ్ళు లేవు. ఆ పిల్లవాడికి కులం అనుభవంలో ఉంది. అయితే అనుభవం దానంతటదే జ్ఞానమైపోదు.

1913లో ఆయన న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. ఆర్థికశాస్త్రంతోపాటు సమాజశాస్త్రం, మానవశాస్త్రం కూడా చదివాడు. 1916 మే 9న గోల్డెన్‌వైజర్ సెమినార్లో ‘భారతదేశంలో కులాలు’ అనే పత్రం చదివాడు. అప్పటికి ఆయన వయసు 25. మరుసటి ఏడాది అది ‘ఇండియన్ యాంటిక్వరీ’లో అచ్చయింది.

ఆ పత్రంలో తన గోనెపట్టా గురించి ఆయన చెప్పుకోలేదు. కులానికి పునాది ఏమిటని అడిగి, ఒకే కులంలో పెళ్ళిళ్ళని తేల్చాడు. సతి, బలవంతపు వైధవ్యం, బాల్యవివాహం ఆ కట్టు తెగకుండా కాపాడే పద్ధతులన్నాడు. బ్రాహ్మణులు ముందు తమ చుట్టూ గిరి గీసుకున్నారని, మిగతావాళ్ళు వాళ్ళను అనుకరించారని వాదించాడు. అంటే గోనెపట్టా మీద కూర్చున్నవాణ్ణి నిలదీసే ప్రశ్న, కూర్చోబెట్టిన వ్యవస్థ వైపు తిరిగింది. అనుకరణ గురించి శ్రీనివాస్ ‘సంస్కృతీకరణ’ పేరుతో 1952లో రాసినది ప్రతి తరగతిలో వినిపించింది. 1916 నాటి పత్రం మాత్రం చాలాకాలం సిలబస్ బయటే ఉండిపోయింది.

మన దగ్గరి సంగతి చూద్దాం. ఉస్మానియా నుంచి ఎస్.సి. దూబే బృందం హైదరాబాదు దగ్గరి షామీర్‌పేటను అధ్యయనం చేసింది. 1955లో ‘ఇండియన్ విలేజ్’ పుస్తకం వచ్చింది. కులాల వరుస, వృత్తులు, పెళ్ళిళ్ళు, పండగలు అన్నీ అందులోకి ఎక్కాయి. తెలంగాణ పల్లె ప్రపంచానికి పాఠమైంది. కానీ అడిగినవాళ్ళు బయటివాళ్ళు, మనం జవాబులు చెప్పినవాళ్ళం. అడిగే వంతు మనది కావాలంటే ఆ చదువు బడిలోనే మొదలవ్వాలి.

1985లో కారంచేడులో గొడవ మొదలైంది మంచినీళ్ళ చెరువు దగ్గర. మాదిగలు తాగే నీళ్ళు పాడుచేయొద్దన్నందుకు జూలై 17న ఆరుగురిని చంపేశారు. సతారా కుళాయికీ కారంచేడు చెరువుకీ ఉన్న సంబంధం పట్టుకోవడమే సమాజశాస్త్రం.

2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం తర్వాత ఎన్‌సీఈఆర్‌టీ 11, 12 తరగతులకు కొత్త సమాజశాస్త్ర పుస్తకాలు తెచ్చింది. మంచిదే. కానీ వాడ పిల్లల్లో ఎంతోమంది పదితోనే, అంతకుముందే బడి మానేస్తారు. వాళ్ళకు ఆ పుస్తకం అందేదెప్పుడు?

టీచర్ మిత్రులు సిలబస్ కోసం ఆగక్కర్లేదు. తరగతి అంతటితో ఊరి పటం గీయించండి. బోర్లు, గుడి, చర్చి, శ్మశానాలు, కాలవ మొదట్లో పొలం ఎవరిది, చివర్లో ఎవరిది, అన్నీ పెట్టించండి. ఒక్క జాగ్రత్త: వాడ పిల్లవాణ్ణి మాత్రమే లేపి నీ కులం సంగతి చెప్పమనొద్దు. అది మళ్ళీ గోనెపట్టా వేయడమే. మీ ఇళ్ళలో పెళ్ళిళ్ళు ఎవరితో చేస్తారు, ఎందుకని, అని అన్ని కులాల పిల్లల్నీ అడగండి. అంబేడ్కర్ అడిగింది అదే.